వెనుకనుండి వినవచ్చు మాట

చేవెళ్ల

చిరంజీవియగు మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ నాయనమ్మ మోకాళ్ల నొప్పి కొంత తగ్గినది. పత్తి మొదటి ఏరుడు ముగిసి ఇంటికి చేరినది. నీవు దసరాకు వచ్చి దొంతన్‌పల్లికి తిరిగి పోయిన నాటినుండి నా మనస్సులో మెదలుచున్న విషయ మొకటి కలదు. పండుగపూట నలుగురి నడుమ నెత్తి చెప్పదగినది కాదు. ఫోనులో రెండు మాటలతో ముగించదగినదియు కాదు. అందుచేత తీరికగా చదువుదువుగాక యని ఈ లేఖ వ్రాయుచున్నాను.

జమ్మియాకు పంచుకొని, పెద్దల కాళ్లకు మ్రొక్కి వచ్చిన ఆ రాత్రి, అరుగుమీద నా ప్రక్కన గూర్చుండి, నీవు తీసిన వీడియో నొకదానిని నాకు చూపితివి. మోకిల దాటిన పిదప శంకర్‌పల్లి దారిలో, దీపములు లేని తావున, నీతో ఒకే గదిలో నుండు పాలమూరు పిల్లవాడు నెత్తిన హెల్మెట్టు లేక, బండి ముందుదీప మార్పి, సీటుపై మోకాళ్లూని పోవుచుండెను. వెనుక మఱియొక బండిమీద గూర్చుండి నీవు దానిని చిత్రించుచుంటివి. ఆ చీకటిలో అతని ముఖ మించుకయు కానరాలేదు. ఒక కంఠము మాత్రము మిక్కిలి స్పష్టముగా వినవచ్చినది. "గంతేనా? దమ్ముంటే రెండు చేతులిడువు రా! ఏం గాదు, నేనున్న గదా!" అని అఱచిన ఆ కంఠము నీది. అతడొకసారి తల త్రిప్పి నీవైపు చూచెను, పిమ్మట రెండుచేతులు విడిచెను. ఎదుట టిప్పరు వెలుగు కనబడగనే చిత్రము వణకి తెగిపోయినది. "ఏం కాలే తాతా, పక్కకు దింపి ఆపిండు" అని నీవు నవ్వితివి.

నిన్ను దుందుడుకువాడవని నేననను. చిన్ననాటినుండియు నీది ఎంచి అడుగువేయు స్వభావము. హెల్మెట్టు లేక నీవు బండి యెక్కవు; గండిపేట గట్టుపై మిత్రులు నీట దిగుదమని ఉవ్విళ్లూరుచున్నను నీవు బట్టలకు కావలి కూర్చుందు వని నీవే చెప్పితివి. లోకములో పెద్దలు వ్రాయు బుద్ధులన్నియు సాహసము చేయువానికే చేరును. గోడ దూకినవానిని తిట్టుదురు, దూకుమన్నవాని ఊసెత్తరు. కాలు విఱిగినవాని మంచముచుట్టు చేరుదురు, ఉసిగొల్పినవాడు ఆ గుంపులోనే నిలిచి అయ్యో యనుచుండును. నీవు సాహసము చేయువాడవు కావు, చేయించువాడవు. నేను వ్రాయుచున్నది ఆ రెండవవానికి.

ఈ పనికి మన భాషలో ఎన్ని మాటలున్నవో యొకసారి తలపోయుము. పొయ్యిలో కట్టెను లోనికి నెట్టి మంట పెంచుట ఎగదోయుట. కుక్కను విడిచి పైకి పంపుట ఉసిగొల్పుట. ఉడికించుట, రెచ్చగొట్టుట, పురికొల్పుట, ఉబ్బించుట, మునగచెట్టెక్కించుట, నిప్పులో ఆజ్యము పోయుట అన్నవి ఇంకను కలవు. వీనిలో మునగచెట్టు మాట యందు మన పల్లెటూళ్ల అనుభవ మెంతయో నిండియున్నది. ఆ చెట్టు చూపునకు పచ్చగా, ఎక్కుటకు సులువుగా నుండును. కొమ్మ మాత్రము మనిషి బరువు మోయదు, విఱుగబోవుచున్నట్లు ముందుగా ఆనవాలైన నియ్యక ఫెళ్లున విఱుగును. ఎక్కుమన్నవాడు ఆ సంగతి నెఱిగియే క్రింద నిలుచును.

నేను మొజాంబిక్ దేశమున మపూతో నగరములో ఉద్యోగము చేసిన కాలమున పోర్చుగీసు కొంత నేర్చితినని నీకు తెలియును. ఆ దేశస్థులును పోర్చుగీసే మాటలాడు బ్రెజిలువారును ఈ పనికి వాడు పలుకులు, ఇంగ్లీషువారి పలుకులు, మన పలుకులు ఒకచోట చేర్చి చూచిన నాకు ఆశ్చర్యము కలిగినది. పోర్చుగీసులో ఒకే క్రియ నిప్పును ఎగదోయుటకును కుక్కను ఉసిగొల్పుటకును చెల్లును. దాని మూలము లాటినులో కొఱవి యను అర్థము గల మాట. 'ఇన్‌స్టిగార్' అను వారి మఱియొక క్రియ మూలార్థము ములుకుతో పొడుచుట. మంటలో కట్టె వేయుట అను నానుడి వారికిని కలదు. నేటి బ్రెజిలు యువకులైతే 'బోతార్ పీల్యా' అందురు. బ్యాటరీ పెట్టుట యని దాని మాటలకు అర్థము, ఆటబొమ్మకు బ్యాటరీ వేసి వదలినట్లు ఒకనిని ఎగదోయుట యని భావము. ఇంగ్లీషువారి 'గోడ్' ఎద్దును పొడుచు ములుగఱ్ఱ. వారి 'ఎగ్ ఆన్' అను పలుకునకు గ్రుడ్డుతో సంబంధమే లేదు; ఉత్తరదేశపు నావికుల భాషనుండి వచ్చిన ఆ మాట కత్తివాదరకు చుట్టము. వారి న్యాయశాస్త్రమున నేటికిని నిలిచియున్న 'అబెట్' అను మాట ప్రాత ఫ్రెంచి భాషలో మృగముపైకి వేటకుక్కలను ఉసిగొల్పు వినోదమునుండి పుట్టినది. మేస్త్రి, బొత్తాము, పాదిరి యను మాటలను మనము పోర్చుగీసువారినుండి గ్రహించితిమి. ఈ విషయమున మాత్రము ఎవరును ఎవరియొద్దను అరువు తెచ్చుకొనవలసిన పని లేకపోయినది.

ఈ మాటలన్నిటిలోను ఎదుటివాడు ఒక నిప్పు, ఒక కుక్క, ఒక ఎద్దు, ఒక ఆటబొమ్మ. మనిషి యొక్కటనైన లేడు. వాని బుద్ధి నడిగి, బలము నెంచి, సమ్మతి గైకొన్న జాడ ఈ పలుకులలో నెందును కానరాదు. మఱియొకటి కూడ గమనింపుము. కట్టె నెగదోయు చేయి, కుక్కను వదలు చేయి, ములుగఱ్ఱ పట్టిన చేయి, ఇవన్నియు వెనుకనే యుండును. నీ వీడియోలోను కంఠము వెనుకనుండియే వచ్చినది.

నీవన్న మూడు మాటలలో 'గంతేనా' యనునది చులకన; 'దమ్ముంటే' యనునది మానమును గాయపఱచుట. వీని శక్తి సామాన్యము కాదు. పల్నాటి వీరగాథలో బాలచంద్రుడు బొంగరము లాడుచుండగా, ఆ బొంగరము తగిలి కాలు నొచ్చిన యొక స్త్రీ, తండ్రియు పెద్దలును యుద్ధభూమిలో నుండగా ఇచ్చట బొంగరములా యని దెప్పిన మాటయే ఆ బాలుని కారెంపూడి రణరంగమునకు నడిపించెను. అయినను నాకు వీనికంటె మూడవ మాటయే భయము గొలుపుచున్నది. 'నేనున్న గదా' యనుటలో చులకన లేదు, ఎత్తిపొడుపు లేదు. అది స్నేహముతో నిండిన మాట. ఆ పిల్లవాడు 'దమ్ముంటే' యన్న తావున చేతులు విడువలేదు. 'నేనున్న గదా' యన్న పిదప తల త్రిప్పి, నీవు నిజముగా నున్నావని చూచుకొని, అప్పుడు విడిచెను.

కురుక్షేత్రమున పదుమూడవనాడు ధర్మరాజు పలికినదియు ఇదియే. పద్మవ్యూహమును ఛేదించి లోన జొచ్చుట నాకు తెలియును, ఆపద వచ్చిన వెలువడుట తెలియదు అని అభిమన్యుడు దాచక చెప్పెను. నీవు దారి తెఱువుము, నీ వెంటనే మేమందఱము వత్తుమని ధర్మరాజును భీముడును ధైర్యము చెప్పిరి. వారు కపటులు కారు. ఆ బాలునిపై వారికున్న ప్రేమను ఎవరును శంకింపరు. కాని శివుని వరము గల సైంధవుడు వ్యూహద్వారమున అడ్డుపడగా వెనుక వత్తుమన్నవారు వెనుకనే నిలిచిపోయిరి, లోన జొచ్చినవాడు ఒంటరియై కూలిపోయెను. ధర్మజునంతటివాడు, మనఃపూర్వకముగా, వెంట వచ్చు ఉద్దేశముతోనే పలికిన మాట కూడ ఆ బాలుని కాపాడలేకపోయినదన్న, పది గజముల వెనుక ఫోను పట్టుకొని కూర్చున్న నీ 'నేనున్న గదా' ఆ టిప్పరు ఎదుట ఏమి చేయగలిగియుండునో నీవే యోచింపుము.

మఱి ఎదుటివానికి ధైర్యము చెప్పనే కూడదా యందువేమో. చెప్పవలెను; చెప్పువా డెట్లుండవలెనో రామాయణమున జాంబవంతుని యందు కలదు. సముద్రతీరమున వానరులు తమ తమ శక్తి ఇన్ని యోజనములు, అన్ని యోజనములు అని చెప్పుకొనుచుండగా, అంగదుడు నూఱు యోజనములు దాటగలను, తిరిగి రాగలనో లేదో చెప్పలేనని పలికెను. రాజకుమారుడు తానై ముందుకు వచ్చినప్పుడు భళీ యని భుజము తట్టి పంపుట ఎంతసేపటి పని! జాంబవంతు డతనిని ఆపెను. ఒక మూల ఊరక కూర్చున్న హనుమంతునియొద్దకు పోయి, అతని పుట్టుకను బలమును అతనికి జ్ఞప్తిచేసి, పోయి రాగలవాడవు నీవే యని చెప్పెను. హనుమంతుని ఎక్కించిన జాంబవంతుని మాత్రమే మనము తలచుకొందుము. అంగదుని ఆపిన జాంబవంతుని కూడ తలచుకొనవలె ననుకొందును. తిరిగివచ్చు దారి యున్నదా యని అడిగినవాని మాట ప్రోత్సాహము. పోవుట మాత్రమే చూడగోరువాని మాట ఉసిగొల్పుట.

చట్టము కూడ ఈ సంగతిని విస్మరింపలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 184వ సెక్షను ప్రమాదకరముగా బండి నడుపుటను నేరముగా నెంచినది. 188వ సెక్షను అట్టి నేరమునకు ప్రేరేపించినవానికి కూడ ఆ నేరమునకు విధించిన శిక్షనే చెప్పినది. అనగా ఆ రాత్రి పోలీసువా రచ్చట నున్నయెడల హ్యాండిలు విడిచినవానితో పాటు విడువుమన్నవానిని గూడ నిలిపియుండెడివారు. బహిరంగస్థలమున అనుమతి లేక పందెములు వేసికొని బండ్లు తోలుటను 189వ సెక్షను వేఱుగ నిషేధించుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 45వ సెక్షను, ఒకనిని పురికొల్పుట, అతనితో కుట్రలో చేరుట, అతనికి తోడ్పడుట అను మూడింటిని దుష్ప్రేరణగా నిర్వచించినది. ర్యాగింగును అరికట్టుటకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో చేసిన నిబంధనలు, కాలేజీలో చేరునప్పుడు నీవును మీ నాయనయు సంతకము చేసి యిచ్చిన హామీపత్రమునకు మూలమైనవి, ర్యాగింగునకు ప్రేరేపించుటను శిక్షార్హముల పట్టికలో చేర్చినవి. నిన్ను భయపెట్టుటకు దీనిని వ్రాయలేదు. నోటిమాటకు చేతితో సమానమైన బరువు కలదని నేనొక్కడనే వృద్ధుని చాదస్తముతో చెప్పుటలేదని నీకు తెలియుటకు వ్రాసితిని.

మన దారుల సంగతి నీవెఱుగనిది కాదు. 2025 నవంబరు 3న మన చేవెళ్ల మండలము మీర్జాగూడ దగ్గఱ కంకర నింపుకొని వచ్చుచున్న టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొనగా పందొమ్మిదిమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ బస్సులోని వారెవరును ఏ పందెమును వేసికొనలేదు. తెల్లవాఱగనే పనికి, చదువునకు బయలుదేరిన జనము. టిక్కెట్టు కొని తమ సీటులో తాము కూర్చున్నవారికే దయచూపని దారి యది. మొయినాబాదు మీదుగ పోయినను, శంకర్‌పల్లి మీదుగ పోయినను, రాత్రి టిప్పర్ల రాకపోకలు రెండు దారుల యందును ఒక్కటే. అట్టి దారిలో దీపమార్పి చేతులు విడువుమనుట ఎట్టి మాట!

ఇప్పుడు ఆ పిల్లవాని గుఱించి చెప్పవలసియున్నది. నీవు చెప్పగా విన్నదే నేనెఱుగుదును: బోరు ఎండిన చేనును కౌలుకిచ్చి, తండ్రి అప్పుచేసి చేర్పించినాడనియు, ఇంటిలో కాలేజీ గడప త్రొక్కిన మొదటివాడనియు, ఇంగ్లీషులో మాటలాడవలసివచ్చిన తడబడుననియు, మొదట మీతో కలియక మూలన కూర్చుండెడివాడనియు చెప్పితివి. అట్టివానిపైననే ఎగదోయుమాట పనిచేయును. తన చోటు తనకున్నవానిని నీవెంత రెచ్చగొట్టినను నవ్వి ఊరకుండును. ఆ గుంపులో తనకొక చోటు దొరకునా యని ఎదురుచూచువాడు, ఆ చోటు వెల ఇదియే కాబోలునని ఇచ్చివేయును. చేతులు విడుచుటలో అతనికి సంతోష మున్నట్లు నాకు తోచలేదు. నీ గుంపులో ఒకడుగా నెంచబడవలెనను ఆశ తోచినది. అతడు కోరినది నీ స్నేహము. దానిని మఱునాటి ఉదయము క్యాంటీనులో చాయ్ త్రాగుచు ఊరకే ఈయగలిగియుంటివి.

నీ మాటకు బలమున్నదని ఈ సంగతియే చెప్పుచున్నది. ఆ రాత్రి అచ్చట నున్నవారిలో మఱి యిద్దఱు ముగ్గురు, ఇది వలదు, ఇంటికి పోదము అని లోలోపల అనుకొనియే యుందురు. ముందుగా నోరు విప్పుటకు ఎవనికి వాడు జంకియుండును. గుంపులో 'కానీ, కానీ' యను మాట మొదట పుట్టుట సులభము, 'చాలు, ఇగ దిగు' అను మాట మొదట పుట్టుట కష్టము. ఆ రెండవమాటను పిఱికిమాట యనిపింపకుండ పలుకగల నేర్పు కొందఱికే యుండును. నీకు కలదు, ఎందుకన వారు నీ మాట విని నవ్వుదురు.

2018లో కీకీ ఛాలెంజి యను పిచ్చి ప్రపంచమంతట వ్యాపించినప్పుడు, నడుచుచున్న కారునుండి దిగి దాని ప్రక్కన నృత్యము చేయుచు దానిని చిత్రించి ఒకరినొకరు సవాలు చేసికొనుచుండగా, పోలీసువారు వలదు వలదని హెచ్చరించుచుండిరి. అప్పుడు మన జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో 'మై విలేజ్ షో' యువకులు ఆ సవాలునకు ఎట్లు బదులిచ్చిరో నీకు తెలిసియుండును. కారునకు బదులు బురద దున్నుచున్న ఎడ్లు, రోడ్డునకు బదులు నాటునకు సిద్ధమైన పొలము. ఎడ్లు తమదారిని తాము పోవుచుండగా వాని వెంట మోకాటిలోతు బురదలో ఇద్దఱు ఆడిరి. దేశదేశములవారు దానిని చూచి సంతోషించిరి. ఎవనికిని గోరంత గాయమైన కాలేదు. దాని యందు నాకు నచ్చినది ఈ బుద్ధిబలమే. పదిమంది దృష్టిని ఆకర్షించుటకు ప్రాణమునే పణముగా నొడ్డనక్కఱలేదు. నవ్వించు నేర్పుతో గుంపు దారిని మఱలింపవచ్చును. నీకు అట్టి నేర్పు ఉండగా, దానిని ఒక పేదవాని కొడుకు చేతులు విడిపించుటకు వెచ్చింతువా?

నేను కోరునది కొంచెమే. ఆ వీడియోను నీ ఫోనునుండి, మిత్రుల గుంపులలో పంచితివేని అచ్చటినుండి గూడ తీసివేయుము; దానిని చూచినవాడు మఱియొకనిని రెచ్చగొట్టుటకు అది పనికివచ్చును. ఆ పిల్లవానితో ఒంటరిగా కూర్చుండి, ఆ రాత్రి నిన్నట్లనుట తప్పైనదని నీ నోటితో చెప్పుము. పదిమంది యెదుట కాదు, అప్పుడది కూడ ఒక తమాషా యగును. అతడు నవ్వి 'ఏముంది లే రా' అని తేల్చివేసిన, నీవు తేల్చివేయకుము. అతని బండికి తోడుగా హెల్మెట్టు లేకున్న, ఈ నెల నీకు పంపిన డబ్బులోనుండి మంచి ముద్రగలది యొకటి కొని యిమ్ము. మిగిలినది నేను సర్దెదను. ఇక మీదట మీ గుంపులో ఎవడైన ఏ నీళ్లలోనికో, ఏ గోడపైకో, ఏ పందెములోనికో ఇంకొకనిని నెట్టుచున్నట్లు కనబడిన, 'నువ్వు ముందుగాల పో, మేం చూస్తం' అని ఆ నెట్టువానితో నవ్వుచునే అనుము. ఆ యొక్క మాటతో చాలమంది చల్లబడుదురు.

సంక్రాంతి సెలవులకు ఆ పిల్లవానిని మన ఇంటికి తోడ్కొని రమ్ము. వాని ఊరికి పోవు దారి మన మీదుగ కాదందువేమో. ఒక రాత్రి యుండి, మఱునాడు బస్సెక్కి పోవచ్చును. నాయనమ్మ సకినాలకు బియ్యము నానబోయునప్పుడు ఇద్దఱికని లెక్కవేసికొనును. రాత్రివేళ బండిమీద రావలదు. శంకర్‌పల్లినుండి పగటి బస్సు ఎక్కుడు. ఏ నాడు బయలుదేరుదురో, వీడియో సంగతి ఏమైనదో, రెండును కలిపి నాకు వ్రాయుము. ఫోనులో చెప్పినను వినెదను.

ఇట్లు,
నీ తాత